సెల్విన్ టామ్స్ తప్పు పట్టలేకపోయిన వేప్

మా పింగాణీ ఊరు లాంగ్టన్‌లో సెల్విన్ టామ్స్ అని ఒక మనిషి ఉన్నాడు. మీ నుదుటి మీద గోటితో ఒక్కసారి తట్టి, చెవి దగ్గర పెట్టి విని, మీరు ఇంకెన్నేళ్ళు బతుకుతారో చెప్పేస్తాడు. నెలలతో సహా చెబుతాడు.

సరే, నెలలు నేను కలిపాను. నుదుటి మీద తట్టడం కూడా ఒక్కసారే జరిగింది. అతని గోరు పలికించింది మనుషుల్ని కాదు, కప్పుల్ని. బట్టీలో కాలి, మెరుగు పట్టి, చల్లారిన పింగాణీ కప్పును అరచేతిలో నిలబెట్టి గోటితో తడితే అది చిన్న గంటలా మోగాలి. కంటికి కనపడని నెర్రె ఎక్కడున్నా చెక్కలా పలుకుతుంది. ఒక క్రిస్మస్‌కి క్లబ్బులో నాలుగు గ్లాసులు ఎక్కువైనప్పుడు, సెల్విన్ మా బార్ చూసే హొరేస్ నుదుటి మీద తట్టి, కాసేపు తల వంచి విని, "చెక్క" అన్నాడు. హొరేస్ ఆ ఏడాదే పోయాడు. అప్పటికి అతనికి ఎనభై ఎనిమిదేళ్ళనీ, రెండుసార్లు గుండెపోటు వచ్చిందనీ నేను ఒప్పుకుంటాను. ఒప్పుకుంటే సగం పాపం పోతుందని కాన్వెంటులో సిస్టర్ ఫిలోమినా చెప్పేది. మిగిలిన సగం మీదే నేను ఇన్నాళ్ళూ బతుకుతున్నాను.

సెల్విన్ మా పింగాణీ కార్ఖానాలో సరుకు ఏరేవాడు. నేను అదే కార్ఖానాలో గడ్డి పరిచి పెట్టెలు సర్దేవాణ్ణి. ఏరే గదిలో ముప్పై నలుగురు ఆడవాళ్ళు, సెల్విన్ ఒక్కడూ మగవాడు. పదహారేళ్ళప్పుడు మట్టి పనిలో పెడితే తుమ్ములతో చచ్చిపోతున్నాడని అక్కడ కూర్చోబెట్టారు. మొదటి నెలంతా ఆ ఆడవాళ్ళు అతన్ని ఏడిపించుకు తిన్నారు. ఒకామె అతని ఏప్రన్ జేబులో గుడ్డు పెట్టి, కూర్చునేదాకా ఊరుకుంది. రెండో నెలకి వాళ్ళే తమకు అనుమానమొచ్చిన సరుకు తెచ్చి అతని ముందు పెట్టసాగారు.

అక్కడ మూడు బల్లలుండేవి. ఉత్తరం వైపు కిటికీ వెలుగులో కప్పు తిప్పి చూడాలి, అంచు చుట్టూ వేలు పోనివ్వాలి, అడుగు తడమాలి, గోటితో మోగించాలి. ఏ తప్పూ లేకపోతే మొదటి బల్ల. అది మొదటి రకం. నా గడ్డి పెట్టెల్లోకి వచ్చి లండన్‌కో టొరంటోకో పోయేది. మెరుగులో సూదిమొనంత నలుసు ఉన్నా రెండో బల్ల. అప్పుడు కప్పు వెనక్కి తిప్పి, అడుగునున్న కార్ఖానా ముద్ర మీద ఉక్కు మొనతో అడ్డంగా ఒక గీత గీయాలి. ఆ గీత పడితే అది రెండో రకం. గేటు పక్క కొట్లో మాకు చవగ్గా అమ్మేవారు. మూడో బల్ల మీదికి వెళ్ళింది తుక్కు.

ఇక్కడ ఎవరింటికి వెళ్ళినా రెండో రకమే. నా పెళ్ళి విందు గీత పడ్డ పళ్ళేల్లోనే జరిగింది. నా పిల్లలు గీత పడ్డ గిన్నెల్లో పాలు తాగారు. ప్రతి ఇంట్లోనూ ముందు గదిలో ఒక అద్దాల బీరువా, అందులో ఆరు మొదటి రకం కప్పులూ ఉంటాయి. శుక్రవారం వాటి దుమ్ము దులుపుతారు. ఫాదర్ వస్తేనో, ఇంట్లోంచి శవపేటిక లేస్తేనో తప్ప వాటిలో టీ పోయరు.

కార్ఖానా ఒక శుక్రవారం మధ్యాహ్నం మూతపడింది. ఆ తర్వాత పదిహేడేళ్ళ పాటు "ఇది బాగుందా, లేదా" అని సెల్విన్‌ని ఎవరూ ఏదీ అడగలేదు. గోదాముల్లో కాపలా ఉన్నాడు, కొంతకాలం ఏమీ చేయలేదు, తర్వాత పింఛను వచ్చింది. ఎప్పుడైనా కేఫ్‌లో కూర్చుంటే పళ్ళెం వెనక్కి తిప్పి చూసేవాడు. ఆ మాటకొస్తే మేమందరం తిప్పుతాం. కానీ మేము తిప్పి, ముద్ర చూసి, తిరిగి పెట్టేస్తాం. సెల్విన్ అందులో ఉన్న గుడ్డూ బేకనూ పక్క పళ్ళెంలోకి మార్చి మరీ తిప్పేవాడు.

పద్నాలుగో ఏట మొదలుపెట్టిన సిగరెట్లు మాత్రం మానలేదు. రోజుకి ఇరవై అయిదు. అరవై తొమ్మిదో ఏట అతని ఎడమ పిక్క పట్టేయడం మొదలైంది. యాభై అడుగులు నడిస్తే ఆగాలి. రెండు నిమిషాలు ఆగితే నొప్పి పోతుంది, మళ్ళీ యాభై అడుగులు. ఈ జబ్బున్నవాళ్ళు దుకాణాల అద్దాల్లో సరుకు చూస్తున్నట్టు నటిస్తూ నిలబడతారని డాక్టరు నవ్వుతూ చెప్పాడట. మా వీధిలో దుకాణాలన్నీ మూసేసి ఉన్నాయి. సెల్విన్ ఇనప షట్టర్ల వైపు చూస్తూ నిలబడేవాడు. మూతపడిన చెప్పుల కొట్టు ముందు ఒకటి, మూతపడిన బ్యాంకు ముందు ఒకటి, అలా క్లబ్బుకి వచ్చేసరికి ఏడు మజిలీలు.

అక్టోబరులో పెద్దాసుపత్రిలో సర్జన్ కాలి లోపలి బొమ్మలు తీయించి చూసి, దాపరికం లేకుండా చెప్పాడు. కాలికి పోయే రక్తనాళం మూసుకుపోతోంది. పక్కనుంచి కొత్త దారి వేయవచ్చు. కానీ సిగరెట్లు కాలుస్తుంటే ఆ కొత్త దారి కూడా ఆరు నెలల్లో పూడిపోతుంది. పన్నెండు వారాలు పొగ మానేసి జనవరిలో రమ్మన్నాడు. మానకపోతే మోకాలి కింద తీసేయడం తప్ప తన దగ్గర వేరే పని ఉండదన్నాడు.

సెల్విన్ భార్య బెరిల్ బడి వంటగదిలో పిల్లలకు అన్నం వడ్డిస్తుంది. ఆమె వంటింటి కేలండరులో పన్నెండు శుక్రవారాల చుట్టూ పెన్సిలుతో సున్నాలు చుట్టింది. మర్నాడే అతన్ని లైబ్రరీ మీది గదిలో సిగరెట్లు మాన్పించే కీలీ అనే అమ్మాయి దగ్గరికి తీసుకెళ్ళింది.

కీలీ చాలా మంచి పిల్ల. ముక్కుకి చిన్న రింగు, చేతికి వేసుకున్న ఉన్ని తొడుగుల్లో వేళ్ళు బయటికి. ఊపిరిలో పొగ విషం ఎంతుందో కొలిచే ఒక గొట్టంలోకి అతని చేత ఊదించింది. అంకె ఇరవై ఆరు వచ్చింది. ఆరు లోపు ఉంటే పొగ తాగని మనిషి కింద లెక్క అని చెప్పి, అల్మారా తెరిచి సిగరెట్‌కి బదులు పీల్చే చిన్న వేప్ ఒకటి తీసి ఇచ్చింది. అగ్గిపెట్టె కంటే కాస్త పొడుగు. పైన ఊడదీసే చిన్న డబ్బీ, దానికి పక్కన రబ్బరు బిరడా. బిరడా తీసి సీసాలోంచి ద్రవం నింపుకోవాలి, కింద తీగ గుచ్చి చార్జి పెట్టుకోవాలి, నోట్లో పెట్టుకుని పీలిస్తే చాలు ఆవిరి వస్తుంది. డబ్బీ పాడైతే అదొక్కటే మార్చుకోవచ్చు. పారేసే రకం కాదు, ఏళ్ళ తరబడి వాడుకోవచ్చని చెప్పింది. దాంతోపాటు ఒక కాగితం కూడా ఇచ్చింది. వారం తర్వాత నింపి తెమ్మంది.

ఆ కాగితమే కొంప ముంచింది. దాని మీద ఇలా ఉంది: "రోజువారీ వాడకానికి ఈ పరికరం ఎలా ఉంది?" దాని కింద మూడు గళ్ళు. బాగుంది. ఫరవాలేదు. బాగాలేదు.

ఆ సాయంత్రం సెల్విన్ క్లబ్బుకి వచ్చాడు. ఏడు చోట్ల ఆగి వచ్చిన మనిషిలా లేడు. కోటు కూడా విప్పకుండా నా పక్కన కూర్చుని, చాలా మెల్లగా చెప్పాడు.

"ఒరే లియో, నన్ను సరుకు చూడమన్నారురా."

అతని మొహంలో ఆ వెలుగు చూసి పదిహేడేళ్ళయింది. నేను ఒక గ్లాసు ఇప్పించాను. ఆ సంతోషం చూసి నేనూ సంతోషించాను. దానికి ఇప్పుడేం చేయగలను?

మర్నాటి నుంచి వంటింటి బల్ల మీద తెల్ల గుడ్డ పరిచాడు. వాళ్ళ కిటికీ తూర్పుకి ఉంటుంది కాబట్టి, ఉత్తరపు వెలుగు కోసం బల్లను స్నానాల గది గుమ్మం దాకా జరిపాడు. బెరిల్ ఆ మూడు నెలలూ పక్కకి తిరిగి నడిచింది. పొద్దున ఐదు పీల్పులు, సాయంత్రం ఐదు పీల్పులు. అంతకంటే ఒక్కటి ఎక్కువ పీల్చేవాడు కాదు. ఏరే గదిలో మొదటి కట్టడి అదే. చూసే సరుకులో టీ తాగకూడదు. వాడితే ఇష్టం పుడుతుంది, ఇష్టం పుడితే తప్పు కనపడదు. మిగతా వేళల్లో మరి? మిగతా వేళల్లో పెరటి మెట్టు మీద కూర్చుని సిగరెట్లు కాల్చేవాడు. ఒళ్ళు అలజడిగా ఉంటే తీర్పు సరిగ్గా రాదని బెరిల్‌కి వివరించాడు.

మొదటి వేప్ కారింది. రాత్రి దాన్ని అద్దుడు కాగితం మీద నిలబెడితే పొద్దుటికి చొక్కా గుండీ అంత మరక. జేబులో పెట్టుకుంటే జేబు జిడ్డు. పొగాకు రుచి అని సీసా మీద రాసిన ఆ ద్రవం, జన్మలో పొగాకు వాసన చూడనివాడికి ఎవరో చెప్పగా విని చేసినట్టుందన్నాడు. వారం తర్వాత కాగితంతో పాటు సన్నటి అక్షరాలతో మరో నాలుగు పేజీలు కీలీకి ఇచ్చాడు. ఆమె వేప్ తిప్పి చూసింది. అడుగున తయారీదారు పేరు మీద అడ్డంగా ఒక గీత.

"ఇదేంటి పెద్దాయనా, గీకేశారు?"

"రెండో రకం, అమ్మాయ్."

నోట్లో పెట్టుకున్నది వెనక్కి తీసుకోకూడదట. అది అతని దగ్గరే ఉంచుకోమని, ఆమె ఇంకో కంపెనీది తీసి ఇచ్చింది. గొట్టంలో ఊదితే అంకె ఇరవై నాలుగు.

రెండోది నాలుగో రోజుకి కాలిన గుడ్డ వాసన కొట్టింది. చార్జి ఎంతుందో చెప్పే దీపం చివరిదాకా పచ్చగా వెలిగి, ఒక్కసారిగా ఆరిపోయేది. అబద్ధాలాడే దీపమని రాశాడు. గీత. మూడోది కారలేదు, కాలలేదు, దీపం నిజమే చెప్పింది. బెరిల్ ఊపిరి పీల్చుకుంది. సెల్విన్ భూతద్దం తెచ్చి, నోట్లో పెట్టుకునే చోట అతుకు దగ్గర వెంట్రుకలో సగం మందాన ఒక మొరటు అంచు పట్టుకున్నాడు. కింది పెదవికి తగులుతోందన్నాడు.

"ముప్పై ఏళ్ళు మా అమ్మ చేతి వంట తిన్న నోరు అది. దానికి వెంట్రుక తగిలిందా?" అంది బెరిల్.

గీత.

అప్పటికి ఎనిమిది శుక్రవారాలు అయిపోయాయి. అతని ఎడమ కాలి చిటికెన వేలు రంగు మారింది. పడుకుంటే నొప్పి ఓర్చుకోలేక కాలు మంచం మీంచి కిందికి వేలాడేసుకుని పడుకుంటున్నాడని బెరిల్ కీలీతో చెప్పింది. కీలీ ఆ రోజు కాగితం తీసుకోలేదు. కుర్చీ దగ్గరికి లాక్కుని అతని ఎదురుగా కూర్చుందట.

"పెద్దాయనా, నా మాట వినండి. అది బాగుండాల్సిన పని లేదు. సిగరెట్ కాకుండా ఉంటే చాలు."

సెల్విన్ ఎగతాళికి కాదు, నిజంగానే అర్థం కాక అడిగాడట.

"మరి మూడు గళ్ళెందుకు పెట్టారమ్మాయ్?"

ఆ కాగితం కీలీ రాసింది కాదు, ఎక్కడో ఆఫీసులో ఎవరో అచ్చు వేయించింది. ఆమె అల్మారాలో మిగిలిన నాలుగోది తీసి ఇచ్చింది. ఇంక ఇదే ఆఖరిదని చెప్పింది.

నాలుగోది వాన వెలిసిన ఆకాశం రంగులో ఉంది. నేనూ పట్టుకుని చూశాను. అరచేతిలో పెడితే అక్కడే పుట్టినట్టుంది. డబ్బీ పెట్టగానే అయస్కాంతం దాన్ని మెల్లగా లోపలికి లాక్కుంది. బిరడా ఒక్క బుడగ రాకుండా మూసుకుంది. పొద్దున చార్జి పెడితే రాత్రి వార్తల దాకా వచ్చింది. పీలిస్తే మరీ బిగుతూ కాదు, వదులూ కాదు. సెల్విన్ మూడు రోజులు దాన్ని తిప్పి తిప్పి చూశాడు. అద్దుడు కాగితం తెల్లగానే ఉంది. భూతద్దం కింద అతుకు అతుకులానే లేదు. నాలుగో రోజు పొద్దున నాకు కబురు చేశాడు. వెళ్ళేసరికి బెరిల్ చేతులు ఏప్రన్‌కి తుడుచుకుంటూ బల్ల పక్కన నిలబడి ఉంది. సెల్విన్ ఉక్కు మొనను పెట్టెలో పెట్టి మూత వేశాడు.

"తప్పు లేదు," అన్నాడు.

"బాగుంది" అనే గడిలో మొట్టమొదటిసారి టిక్కు పెట్టాడు. బెరిల్ ఏడ్చింది. తర్వాత పరుగెత్తి వెళ్ళి ఓట్‌కేకులు, అదే మా ఊరి ఓట్స్ పిండి అట్లు, కొనుక్కొచ్చింది. చీజూ బేకనూ పెట్టి చుట్టి, ముగ్గురం గీత పడ్డ పళ్ళేల్లో తిన్నాం. తిన్నాక సెల్విన్ పెరట్లోకి వెళ్ళి ఒక సిగరెట్ వెలిగించాడు. ఆఖరిది అనుకున్నాం. ఆఖరిది కాలుస్తున్న మనిషిని ఎవరు తప్పు పడతారు?

ఇక్కడ నా సంగతి చెప్పాలి. చెప్పకుండా దాటేద్దామని రెండుసార్లు చూశాను.

ఆ ఆదివారం చర్చి నుంచి వస్తూ వాళ్ళింటికి వెళ్ళాను. బెరిల్ వంటింట్లో ఉంది. ముందు గదిలో నేనూ సెల్విన్‌. మాట్లాడుతూ బీరువా వైపు చూశాను. పై అరలో, బంగారు అంచు కప్పుల మధ్య, ఒక సాసరు మీద ఆ నీలం వేప్ పెట్టి ఉంది. పేరు కనపడేలా కొద్దిగా ఏటవాలుగా. వెలుగు సరిగ్గా దాని మీద పడుతోంది. నాకు అది కొంచెం కూడా వింతగా అనిపించలేదు. మొదటి రకం సరుకు ఉండాల్సిన చోటే ఉందనిపించింది. నేను ఏమన్నానో తెలుసా?

"బాగా పెట్టావురా," అన్నాను.

అతను కప్పుల్ని చూస్తూ తల ఊపాడు. తర్వాత ఇద్దరం ఫుట్‌బాల్ గురించి మాట్లాడుకున్నాం.

పదకొండో శుక్రవారం బెరిల్ దుమ్ము దులపడానికి బీరువా తెరిచింది. నేను అప్పుడు అక్కడే ఉన్నాను, వాళ్ళ గోడ గడియారం బాగుచేస్తున్నాను. అసలు దాన్ని పాడుచేసిందే నేనని బెరిల్ అంటుంది గానీ, అది వేరే కథ. ఆమె సాసరు ఎత్తి, డబ్బీలోని ద్రవం వెలుగులో పట్టి చూసింది. రెండు వారాల క్రితం టిక్కు పెట్టిన రోజు ఎంత మట్టానికి ఉందో అంతే ఉంది.

"ఇది ఇక్కడెందుకుంది?"

"ఇంకెక్కడుండాలి?" అన్నాడు సెల్విన్.

"నీ నోట్లో."

"రోజూ వాడితే గీతలు పడవూ? అది మొదటి రకం, బెరిల్. రోజువారీకి ఆ కారేది ఉందిగా. గుడ్డ చుట్టి వాడుతున్నాను."

నిజమే, వాడుతున్నాడు. రెండు పీల్పులు పీల్చేసరికి చేతులన్నీ జిడ్డయి, విసుగొచ్చి పెరట్లోకి పోయి సిగరెట్ వెలిగిస్తున్నాడు. బెరిల్ అతని కాలి వైపు చూసింది. తర్వాత నా వైపు తిరిగింది.

"అన్నయ్యా, నువ్వు చూశావా దీన్ని?"

"చూశాను."

"చూసి?"

"బాగా పెట్టావన్నాను."

ఆమె కేకలేస్తే బాగుండేది. సాసరు బీరువాలో తిరిగి పెట్టి, వేప్ తీసి భర్త చొక్కా జేబులో వేసి గుండీ పెట్టింది. నాకు ఆ రోజు టీ ఇవ్వలేదు.

సెల్విన్ దాన్ని చేతిరుమాల్లో చుట్టి, జేబులో గుడ్డు మోస్తున్నట్టు మోసుకుంటూ క్లబ్బుకి వచ్చాడు. ఈసారి పదకొండు మజిలీలు. రుమాలు విప్పి బల్ల మీద పెట్టాడు. అందరూ చుట్టూ మూగారు. ఒక్కొక్కరూ తీసుకోవడం, అడుగు తిప్పి చూడటం, గీత లేదని గమనించి తలలాడించడం, పక్కవాడికి అందించడం. మా వాళ్ళల్లో ఒక్కడూ "మరి పీల్చవేంట్రా" అని అడగలేదు. ఎవరికీ తోచలేదు. అది ఒక చుట్టు తిరిగి వచ్చాక సెల్విన్ దాన్ని శుభ్రంగా తుడిచి, రుమాల్లో చుట్టి, జేబులో పెట్టుకుని, బయటికి వెళ్ళి సిగరెట్ కాల్చుకున్నాడు.

ఇక్కడి నుంచి జరిగింది బెరిల్ నాకు చెప్పింది. కలపడానికి నాకు అందులో చోటు దొరకలేదు.

మర్నాడు పొద్దున సెల్విన్ గడ్డం గీసుకుంటుండగా ఆమె అతని పనిముట్ల పెట్టె తెరిచి ఉక్కు మొన తీసింది. వేప్ వెనక్కి తిప్పింది. ముద్ర మీద అడ్డంగా గీత గీసింది. ఆమె చేయి అలవాటు లేని చేయి. గీత వంకరపోయి ఒక మూల లోతుగా దిగింది. దాన్ని తెల్ల గుడ్డ మీద పెట్టి అక్కడే నిలబడింది.

తప్పు లేని సరుకు మీద గీత గీయడమంటే మా ఏరే గదిలో ఉద్యోగం పోయే నేరం. అలా చేసి చవగ్గా కొనుక్కున్న ఒకామెను గేటు దాకా అందరి ముందూ నడిపించారు. ఆమె పెళ్ళికి సెల్విన్ వెళ్ళాడు, ఆమె బిడ్డల్ని ఎత్తుకున్నాడు. అయినా ఆ రోజు తర్వాత వీధిలో ఎదురైతే తల తిప్పుకునేవాడు.

సెల్విన్ తువ్వాలుతో మొహం తుడుచుకుంటూ వచ్చి చూశాడు. చేతిలోకి తీసుకుని, ఆ గీత మీద బొటనవేలు పోనిచ్చాడు. బెరిల్ వైపు చూడలేదు. కుర్చీలో కూర్చున్నాడు. కాసేపటికి దాన్ని నోట్లో పెట్టుకుని పీల్చాడు. ఇంకోసారి పీల్చాడు. బెరిల్ టీ పెట్టింది. టీ అయ్యాక కూడా పీల్చాడు. ఆ రోజు పెరటి తలుపు తెరుచుకోలేదు. మూడు రోజులు ఆమెతో మాట్లాడలేదు. ఆ మూడు రోజులూ ఒక్క సిగరెట్ కూడా కాల్చలేదు. నాలుగో రోజు మాట్లాడాడు, అప్పుడూ కాల్చలేదు. అప్పటినుంచి ఈ రోజు దాకా కాల్చలేదు. రెండో రకం కదా. రెండో రకం మా కోసమే కదా.

పన్నెండో శుక్రవారం కీలీ గొట్టంలో ఊదిస్తే అంకె మూడు వచ్చింది. ఆ పిల్ల కుర్చీలోంచి లేచి అతన్ని కౌగిలించుకుందట. అక్కడి నుంచి ఆసుపత్రికి వెళ్ళారు.

సర్జన్ కొత్త బొమ్మలు తీయించాడు. వాటివైపే చూస్తూ మాట్లాడాడు. అక్టోబరులో పైనున్న నాళం ఒక్కటే పూడిపోతూ ఉండేది. ఇప్పుడు మోకాలి కింద మూడూ పూడిపోయాయి. కొత్త దారి వేయాలంటే అవతలి వైపు కలపడానికి ఏదో ఒకటి తెరిచి ఉండాలి, ఏదీ లేదు. చిటికెన వేలు ఎప్పుడో చచ్చిపోయింది, దాని పక్కది చస్తోంది. పొగ మానేసి ఎన్నాళ్ళయిందని అడిగాడు. ఆరు రోజులని సెల్విన్ చెప్పాడు. మంచిది, అన్నాడు సర్జన్. కాగితం మీద రాసుకున్నాడు.

ఫిబ్రవరిలో మోకాలికి నాలుగు వేళ్ళ కింద తీసేశారు.

ఆపరేషన్ గది బయట కాఫీ యంత్రం పక్కన బెరిల్ నా పక్కన కూర్చుంది. నాతో మాట్లాడటం అప్పుడే మళ్ళీ మొదలుపెట్టింది. ఆ గీత తనకు రెండు వారాల ముందు తోచి ఉంటే కాలు దక్కేదా అని అడిగింది. నేను సర్జన్‌ని అడిగాననీ, రెండు వారాలు కాదు రెండు నెలలైనా తేడా ఉండేది కాదని అన్నాడనీ చెప్పాను. నేను సర్జన్‌ని అడగలేదు. దూరం నుంచి వీపు చూశానంతే. నా జీవితంలో ఎన్నో కోతలు కోశాను, కోసినప్పుడల్లా ఎవరో ఒకరు నవ్వారు. ఆమె నవ్వలేదు, నమ్మనూ లేదు. నా చేయి మాత్రం తట్టింది.

ఇప్పుడు సెల్విన్ చక్రాల కుర్చీలో ఉంటాడు. వేసవిలో కుడి పిక్క కూడా పట్టేయడం మొదలైంది. సర్జన్ దాన్నీ చూశాడు, వయసు చూశాడు, గుండె చూశాడు, గమనిస్తూ ఉందామన్నాడు. గమనిస్తూ ఉందామని డాక్టర్లు అంటే అర్థమేమిటో మా వయసువాళ్ళకు ఎవరూ చెప్పక్కర్లేదు. క్లబ్బుకి నేనే తోసుకెళ్తాను. మూసేసిన షట్టర్ల ముందు ఇప్పుడు నేను ఆగుతున్నాను, ఊపిరందక. ఆ నీలం వేప్ అతని మెళ్ళో తాడుకి వేలాడుతుంటుంది. మూలలు అరిగాయి, రంగు పోయింది. రోజంతా పీలుస్తాడు. డబ్బీ మార్చుకోవడానికి కీలీ దగ్గరికి వెళ్ళాలి. కానీ లైబ్రరీ మీది గది మూసేశారు. కీలీ ఇప్పుడు వేరే ఊళ్ళో ఏదో చేస్తోంది. ఉన్న డబ్బీలు క్రిస్మస్ దాకా వస్తాయని బెరిల్ అంది. తర్వాత ఏమిటని నేను అడగలేదు.

ఇదంతా రాసి పోయిన బుధవారం అతనికి చదివి వినిపించాను. బెరిల్ గుమ్మంలో నిలబడి వింది. సెల్విన్ మధ్యలో ఒక్కసారీ అడ్డు రాలేదు. నేను కాగితాలు మడిచాక మెళ్ళోది తీసి ఒకటి పీల్చి, ఆవిరి కిటికీ వైపు వదిలాడు.

"ఇందులో ఒక్క ముక్క నిజం లేదు," అన్నాడు. "నేను దాన్ని ఏ బీరువాలోనూ పెట్టలేదు. క్లబ్బులో ఎవరికీ చూపించలేదు. నాకు చక్కెర జబ్బు, కాలు దానివల్ల పోయింది."

అతనికి చక్కెర జబ్బు లేదు. మరి ఆ గీత సంగతేమిటని అడిగాను. సెల్విన్ బెరిల్ వైపు చూడకుండా, వేప్ చొక్కా లోపలికి వేసుకుని గుండీ పెట్టుకున్నాడు.

"అది వచ్చినప్పుడే ఉంది," అన్నాడు.